ఓరుగల్లు లైట్ రైలు: పనులు ఎక్కడిదాకా వచ్చాయి, ఆలస్యం ఎక్కడ? తరచుగా అడిగే ప్రశ్నలు

కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా రైలులాంటిదేదో వస్తుందన్న మాట ఊళ్ళో ఎప్పటినుంచో నలుగుతోంది. అడిగేవాళ్ళు ఎక్కువ, కాగితం చూసినవాళ్ళు తక్కువ. ఎక్కువగా వినబడే ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి. మన దగ్గర ఇంకా తట్టెడు మట్టి ఎత్తలేదు కాబట్టి, నిర్మాణంలో వచ్చే ఆలస్యాల గురించి చెప్పినచోట ఉదాహరణలు బయటి ఊళ్ళవి.

ఇంతకీ పనులు మొదలయ్యాయా?

లేదు. టెండర్ లేదు, శంకుస్థాపన లేదు. రోడ్డు మీద ఎక్కడైనా తవ్వకం కనబడితే అది మంచినీళ్ళ పైపుదో, డ్రైనేజీదో, కేబుల్‌దో అయి ఉంటుంది.

‘మెట్రో నియో వచ్చేస్తోంది’ అని ఆ మధ్య గట్టిగానే వినబడింది కదా?

వినబడింది, దానికి ఆధారమూ ఉంది. నాగపూర్ మెట్రో కట్టిన మహా మెట్రో సంస్థ వరంగల్‌కు నియో కోసం డీపీఆర్ (ప్రాజెక్టు సవివర నివేదిక) తయారుచేసి ఇచ్చింది. కాజీపేట రైల్వే స్టేషన్ నుంచి హనుమకొండ మీదుగా వరంగల్ రైల్వే స్టేషన్ దాకా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దారి, ఖర్చు సుమారు వెయ్యి కోట్లు. 2022 కేంద్ర బడ్జెట్‌కు ముందు అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ రాసి ఇందులో కేంద్రం వాటా అడిగారు. బడ్జెట్‌లో పైసా రాలేదు. కథ అక్కడ ఆగింది.

డీపీఆర్ అయిపోయిందంటే సగం పని అయిపోయినట్టే లెక్కేస్తారు మనవాళ్ళు. డీపీఆర్ దరఖాస్తు లాంటిది, అంతకు మించి కాదు. పైగా దానికి కాలదోషం ఉంటుంది. సిమెంటు, ఉక్కు, రాగి ధరలు, ట్రాఫిక్ లెక్కలు పాతబడగానే అంచనా మళ్ళీ వేయాలి. ఎవరైనా ఇప్పుడు కూడా వెయ్యి కోట్లే అంటే ఏ సంవత్సరం ధరలతో అని అడగండి.

నియోకు పట్టాలే ఉండవట. అట్లయితే అది రైలెట్లయితది?

కాదు. నియో అంటే రబ్బరు టైర్ల మీద నడిచే పొడవాటి కరెంటు బస్సు. పైన తీగల నుంచి కరెంటు తీసుకుంటుంది, తనకంటూ వేరుచేసిన దారిలో పోతుంది. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ దీని ప్రమాణాలను 2020లో ఖరారు చేసింది. అంతకు ముందటేడు ‘మెట్రో లైట్’ ప్రమాణాలు వచ్చాయి. లైట్‌కు ఉక్కు పట్టాలు, మూడు బోగీలు, మూడొందల మంది పట్టే రైలు. బయటి దేశాల్లో లైట్ రైలు, ట్రామ్ అంటున్నది దీన్నే. రద్దీ వేళ గంటకు ఒక దిక్కున ఎనిమిది వేల మంది లోపు పోయే దారికి నియో, పదిహేను వేల దాకా లైట్, ఆపైన మామూలు మెట్రో అన్నది స్థూలంగా లెక్క.

2021 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో రెండో శ్రేణి నగరాలకు ఈ రెండూ తెస్తామన్నారు. 2025 దాకా చూస్తే దేశంలో ఏ ఊళ్ళోనూ వీటిలో ఒక్కటీ నడవలేదు. మన ప్రశ్నలకు జవాబులు వెతకడానికి ఎడిన్‌బరో, సిడ్నీ దాకా పోవాల్సి రావడానికి కారణం ఇదే.

మంజూరుకే ఇన్నేళ్ళు పడుతుందా?

పడుతుంది, మనకొక్కరికే కాదు. కేంద్రం డబ్బు కావాలంటే 2017 మెట్రో రైలు విధానం ప్రకారం నడవాలి. నగరానికి సమగ్ర రవాణా ప్రణాళిక ఉండాలి. బస్సులు పెంచితే సరిపోదా, నియో చాలదా, లైటే ఎందుకు అని అన్నిటినీ పక్కపక్కన పెట్టి తేల్చాలి. ప్రాజెక్టు వల్ల సమాజానికి వచ్చే ఆర్థిక ప్రతిఫలం 14 శాతానికి తగ్గకూడదు. ఏదో ఒక రూపంలో ప్రైవేటు భాగస్వామ్యం చూపించాలి. బస్సు, రైలు, పార్కింగ్ అన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చే రవాణా సంస్థ పెడతామని రాష్ట్రం ఒప్పుకోవాలి. ఇవన్నీ దాటాక పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ బోర్డు, దాని తర్వాత కేంద్ర మంత్రివర్గం.

నాసిక్ సంగతి చూడండి. మనకు డీపీఆర్ రాసిన సంస్థే అక్కడా రాసింది. 2021 బడ్జెట్ ప్రసంగంలోనే నాసిక్ నియోకు రూ.2,092 కోట్లు అని పేరుపెట్టి చదివారు. నాలుగేళ్ళ తర్వాత కూడా అక్కడ పని మొదలవలేదు. తిరువనంతపురం, కోళికోడ్ లైట్ మెట్రోల కోసం పెట్టుకున్న ఢిల్లీ మెట్రో సంస్థ 2018లో చాలు బాబూ అని తప్పుకుంది. విజయవాడ, విశాఖ మెట్రోల మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. పదేళ్ళు దాటాక కూడా అవి కాగితాల మీదే ఉన్నాయి. బడ్జెట్‌లో పేరు వచ్చినవాళ్ళ గతే అది, మనకు పేరు కూడా రాలేదు.

శంకుస్థాపన జరిగితే ఇక అయినట్టే కదా?

పెద్దపల్లి – కరీంనగర్ – నిజామాబాద్ రైలు మార్గానికి పీవీ ప్రధానిగా ఉండగా 1993లో పునాదిరాయి పడింది. నిజామాబాద్ దాకా రైలు పోయింది 2017లో. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ గురించి ఈ ఊళ్ళో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

సరే, అన్నీ మంజూరయ్యాయి, రోడ్డు తవ్వారు అనుకుందాం. అప్పుడు ఎక్కడ ఆగుతుంది?

భూమిలో. లైట్ రైలు ఆలస్యాల్లో పెద్దవి చాలామటుకు రోడ్డు కింద పుట్టినవే. పట్టాలు వేయడం, తీగలు లాగడం, రైళ్ళు కొనడం తెలిసిన పనులు. రోడ్డు కింద ఏముందో మాత్రం తవ్వేదాకా ఎవరికీ తెలియదు.

మన హనుమకొండ మెయిన్ రోడ్డునే తీసుకోండి. ఒక గొయ్యి తవ్వితే పైన తారు, దాని కింద ఇంకో పాత తారు, కంకర. రెండు మూడడుగుల్లో నారింజ రంగు గొట్టంలో ఇంటర్నెట్ కేబుల్, కొంచెం పక్కన ఇటుకలు కప్పిన హైటెన్షన్ కేబుల్. ఇంకా దిగితే మంచినీళ్ళ పైపు: కొన్నిచోట్ల పోత ఇనుముది, కొన్నిచోట్ల సిమెంటు రేకు రకం, దాని పక్కనే కొత్తగా వేసింది. పాతదాన్ని మూసేశారా, ఇంకా నీళ్ళు పోతున్నాయా అన్నది ఆ ఏరియా లైన్‌మన్‌ను పిలిస్తేగానీ తేలదు. ఆయన రిటైరై ఉంటే ఇంటికి పోయి అడగాలి. మ్యాపులో రోడ్డుకు ఎడమ అని ఉన్న పైపు కుడివైపు దొరుకుతుంది. వీటిలో ప్రతిదానికీ ఒక్కో యజమాని: కార్పొరేషన్, విద్యుత్ సంస్థ, టెలికాం కంపెనీలు. ఒక్కరు కదలకపోతే మిగతా అందరూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఎడిన్‌బరోలో జరిగింది అచ్చంగా ఇదే. పైపులు, కేబుళ్ళు ముందే పక్కకు జరిపేసి ఖాళీ రోడ్డును కాంట్రాక్టర్‌కు అప్పగించాలన్నది ప్లాను. 2007లో జరపడం మొదలైంది. అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు చిక్కులు బయటపడ్డాయి. అది పూర్తికాకుండానే 2008లో ట్రామ్ కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి. ఖాళీ రోడ్డు దొరక్క కాంట్రాక్టర్ అదనపు డబ్బు అడిగాడు, 2009లో ప్రధాన వీధిలో పని ఆగింది, తగాదా తేలేసరికి 2011. చివరికి 54.5 కోట్ల పౌండ్లతో కట్టాల్సింది 77.6 కోట్లు మింగింది. అదీ లైను కురచ చేశాక. 14 కిలోమీటర్ల దారి మీద మొదటి ట్రామ్ 2014 మేలో నడిచింది. సముద్రం దాకా అనుకున్న మిగతా ముక్క 2023లో తెరుచుకుంది. ఎందుకిలా జరిగిందని వేసిన న్యాయ విచారణ నివేదిక కూడా 2023లోనే వచ్చింది. ఆలస్యం మీద విచారణకు లైను కట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది!

సిడ్నీ నడిబొడ్డున 12 కిలోమీటర్ల లైనుకు 2015లో పని మొదలైంది. అక్కడ విద్యుత్ సంస్థ తన కేబుల్ గొట్టాలను ఎలా జరపాలో పెట్టిన షరతుల దగ్గర గొడవ. కాంట్రాక్టర్ ప్రభుత్వం మీద కేసు వేశాడు, 2019లో రాజీ కుదిరింది, ఆ ఏడాది డిసెంబరులో ఒక శాఖ, 2020 ఏప్రిల్‌లో రెండోది తెరిచారు.

మనకు ఇక్కడ ఒక అవకాశం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే మా బాధ. వరంగల్ భూగర్భ డ్రైనేజీకి 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం రూ.4 వేల కోట్ల పైచిలుకు పథకానికి అనుమతి ఇచ్చింది. డ్రైనేజీ కోసం తవ్వే రోడ్లలో లైట్ రైలు దారీ ఉంటుంది. రైలు ఏ మధ్యగీత మీద వస్తుందో ఇప్పుడే గీసిపెట్టి, ఆ ఎనిమిది తొమ్మిది మీటర్ల వెడల్పును వదిలి పక్కల నుంచి డ్రైనేజీ వేస్తే, తవ్వినప్పుడు కనబడ్డ ప్రతి పైపునూ కేబుల్‌నూ మ్యాపులో ఎక్కిస్తే, రేపు రైలుకు పట్టే కాలంలో రెండేళ్ళు కలిసొచ్చినా ఆశ్చర్యం లేదు. చేయకపోతే కొత్తగా వేసిన డ్రైనేజీని మళ్ళీ తవ్వి జరపాలి.

పైపులను అక్కడే ఉంచి పైన పట్టాలు వేసేస్తే ఏమవుతుంది?

రెండు నష్టాలు. పైపు పగిలిన ప్రతిసారీ రైలు ఆపి, పట్టాల కింది కాంక్రీటు పలక పగలగొట్టాలి. ఇక రెండోది పైకి కనబడదు. లైట్ రైలు 750 వోల్టుల డీసీ కరెంటుతో నడుస్తుంది. పైన తీగలోంచి వచ్చిన కరెంటు తిరిగి సబ్‌స్టేషన్‌కు పట్టాల గుండానే పోతుంది. అందులో కొంత భూమిలోకి జారి, దగ్గర్లోని ఇనప పైపులను పట్టుకుని ప్రయాణిస్తుంది. అది బయటికి వచ్చే చోట ఇనుమును తినేస్తుంది. అందుకే పట్టాలకు రబ్బరు తొడుగు వేసి మరీ కాంక్రీటులో పొదుగుతారు, పైపులను దూరంగా జరుపుతారు.

నియోకు ఈ బాధ తక్కువ. టైర్ల బండి కాబట్టి కరెంటు పోవడానికీ రావడానికీ పైనే రెండు తీగలు ఉంటాయి, భూమికి పనిలేదు. పట్టాల మోజు పక్కన పెట్టి చూస్తే మన ఊరికి నియో వైపు ఉన్న పెద్ద లాభం ఇదే.

ఇంత తలనొప్పెందుకు, హైదరాబాద్‌లోలాగా పిల్లర్ల మీద వేస్తే?

పిల్లర్‌కూ పునాది కావాలి, పునాదికి తవ్వాలి. ఆ కొద్ది జాగాలోంచి పైపులు జరిపితే చాలన్నది నిజమే, ఖర్చు మాత్రం కిలోమీటరుకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఎల్ అండ్ టీతో ఒప్పందం 2010లో కుదిరింది, పని 2012లో ఊపందుకుంది, మియాపూర్ – నాగోల్ 2017 నవంబరులో తెరిచారు, జేబీఎస్ – ఎంజీబీఎస్ 2020 ఫిబ్రవరికి వచ్చింది. మొత్తం 2017 కల్లా కావాల్సింది. ఆస్తుల సేకరణ, దారి మార్పుల వివాదాలు, కోర్టు కేసులు కలిసి అంత లాగాయి. పాతబస్తీ ముక్క ఐదున్నర కిలోమీటర్లు ఆ దశలో మిగిలిపోయింది. పిల్లర్లు కూడా ఆలస్యానికి మందు కాలేదని చెప్పడానికి ఇది చాలు.

వేయి స్తంభాల గుడి పక్క నుంచి పోనిస్తారా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అడగాల్సింది మాత్రం ఇదే. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. ప్రజోపయోగ పనులకు మినహాయింపు ఇచ్చే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది, అది చట్టం కాలేదు. హనుమకొండ – వరంగల్ మెయిన్ రోడ్డు గుడికి ఎంత దగ్గరో తెలిసినవాళ్ళకు ఇబ్బంది అర్థమవుతుంది. పిల్లర్లు వేస్తే గుడి ముందు అడ్డుగోడ కట్టినట్టే, మేం దానికి ఒప్పుకోం. నేల మీద పోయే లైన్‌కైనా అనుమతి కావాలి. కోల్‌కతాలో ఈస్ట్ – వెస్ట్ మెట్రో సొరంగం మూడు రక్షిత కట్టడాల దగ్గర్నుంచి పోవాల్సి వచ్చి అనుమతుల కోసం కాచుకుని కూర్చుంది.

పురావస్తు శాఖ పని వేగం ఎలా ఉంటుందంటే, ఇదే గుడిలో 2006లో విప్పిన కల్యాణ మండపం 2024 మార్చిలో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. రాళ్ళను ఒక్కొక్కటిగా నంబరేసి పేర్చే పని అది, తొందరపెట్టకూడదు కూడా. కానీ టైంటేబుల్ వేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మేడారం జాతర వస్తే పని ఆపుతారా?

ఆపక తప్పదు. రెండేళ్ళకోసారి హనుమకొండ మీదుగా బస్సులు వరస కట్టినప్పుడు ములుగు రోడ్డులో సగం తవ్వి పెట్టి కూర్చోలేరు. బతుకమ్మ, దసరా, వానాకాలం కూడా లెక్కేసుకోవాలి. 2020 ఆగస్టు వరదలో నయీంనగర్ వైపు ఏం జరిగిందో చూశాం. నాలాలకు అడ్డంగా గుంతలు తెరిచిపెడితే నీళ్ళు ఇళ్ళల్లోకే పోతాయి. ఏడాదికి పన్నెండు నెలలూ పని జరుగుతుందని రాసిన షెడ్యూలు ఎవరైనా చూపిస్తే అది ఈ ఊరు చూడనివాళ్ళు రాసింది.

ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఎట్లా?

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి అంబులెన్సులన్నీ చేరేది అక్కడికే. ఆ చౌరస్తాలో రోడ్డు పూర్తిగా మూసే పని ఉండకూడదని టెండర్ షరతుల్లోనే రాయించాలి. తర్వాత అడిగితే కాంట్రాక్టర్ అదనపు బిల్లు పెడతాడు.

‘85 శాతం పూర్తి’ అని ప్రకటిస్తే ఎంత నమ్మాలి?

దేనిలో 85 అని అడగాలి. ఖర్చుపెట్టిన డబ్బులోనా, పోసిన కాంక్రీటులోనా? సివిల్ పనులు కంటికి కనబడతాయి, శాతాలు గబగబా పెరుగుతాయి. సిగ్నళ్ళు, కరెంటు, సాఫ్ట్‌వేర్ వంతు వచ్చేసరికి లెక్క నత్తనడక పడుతుంది. కెనడాలో టొరంటో ఎగ్లింటన్ లైన్ 2011లో మొదలుపెట్టి 2020కి తెరవాల్సింది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది శాతం అయిపోయిందన్నాక కూడా ఏళ్ళు గడిచాయి. ఒక స్టేషన్‌లో నీళ్ళు కారుతున్నా, పట్టాల మధ్య దూరం మిల్లీమీటర్లలో తేడా ఉన్నా ఆ మిగిలిన రెండు శాతం కిందికే వస్తుంది, రైలు మాత్రం నడవదు.

రైలు అటూఇటూ తిరుగుతూ కనబడుతుంది, జనాన్ని ఎందుకు ఎక్కించుకోరు?

ముందు ఖాళీగా నిదానంగా, తర్వాత ఇసుక బస్తాలు వేసి పూర్తి బరువుతో, తర్వాత పూర్తి వేగంతో. బ్రేకులు, తలుపులు, చౌరస్తా సిగ్నళ్ళు, కరెంటు పోతే ఏమవుతుంది అన్నీ చూస్తారు. డ్రైవర్లు కూడా ఈ దారి మీదే నేర్చుకోవాలి. మన దేశంలో మెట్రోలకు ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ) పరీక్షలు, ఆ తర్వాత మెట్రో రైలు భద్రతా కమిషనర్ తనిఖీ ఉంటాయి. ఇందుకు నెలలు పడతాయి, పట్టనివ్వాలి. ఆలస్యాలన్నింట్లో మనం కోప్పడకూడని ఆలస్యం ఇదొక్కటే. ఎన్నికల కోసం దీన్ని కుదించమని అడిగేవాళ్ళను మాత్రం నిలదీయండి.

కాంట్రాక్టర్ మధ్యలో వదిలేసి పోతే?

పోతారు, అమెరికాలోనే పోయారు. మేరీలాండ్ పర్పుల్ లైన్, మనవాళ్ళు చాలామంది ఉండే చోటే. 26 కిలోమీటర్లు, 21 స్టేషన్లు. 2017లో మొదలైంది, ఆలస్యాల ఖర్చు ఎవరు భరించాలన్న గొడవలో 2020లో కట్టేవాళ్ళు తప్పుకున్నారు. కొత్తవాళ్ళు పూర్తిస్థాయిలో దిగేసరికి 2022 వచ్చింది. 2022లో తెరవాల్సిన లైను 2027 చివరికి జరిగింది.

రోడ్డు తవ్వకంతో గిరాకీ పోయిన షాపులవాళ్ళకు పరిహారం ఉంటుందా?

భూమి, కట్టడం తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం కింద ఉంటుంది. షాపు ముందు రెండేళ్ళు బారికేడ్ పెట్టినందుకు మాత్రం మన దగ్గర ఎవరూ ఇవ్వరు. సిడ్నీలో వ్యాపారులు దీని మీదే కోర్టుకెక్కారు. ఫ్రాన్సులో ట్రామ్ కట్టే ఊళ్ళలో తవ్వకానికి ముందే ఒక పరిహార కమిటీ పెడతారు. వ్యాపారి తన ఖాతా పుస్తకాలు చూపిస్తే తగ్గిన ఆదాయంలో కొంత కోర్టు గొడవ లేకుండా చేతికొస్తుంది. హనుమకొండ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ దాకా ఉన్న వ్యాపార సంఘాలు ఇప్పుడే అడగాల్సింది ఇది. తోపుడుబండ్ల వాళ్ళకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళు దాన్ని జాగ్రత్త చేసుకోవాలి.

ఆ డబ్బుతో బస్సులు కొంటే పోదా?

కొనాలి, ముందు అదే చేయాలి. రైలు వచ్చేదాకా జనం నడిచి పోలేరు కదా.

ఎక్కడైనా అనుకున్న టైముకు కట్టారా?

కట్టారు. ఫ్రాన్సులో దిజోన్ అనే ఊరు మనంత పెద్ద పట్టణం కూడా కాదు. రెండు లైన్లు కలిపి ఇరవై కిలోమీటర్ల దాకా, 2010లో పని మొదలుపెట్టి 2012 సెప్టెంబరులో ఒకటి, డిసెంబరులో ఇంకోటి తెరిచారు. రైళ్ళు కూడా బ్రెస్ట్ నగరంతో కలిసి ఒకే ఆర్డరు పెట్టి చవగ్గా తెచ్చుకున్నారు.

అయితే మన దగ్గర ఎప్పటికి నడవొచ్చు?

తేదీ చెప్పేవాళ్ళను నమ్మకండి, లెక్క ఇలా వేసుకోండి. కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రోజు నుంచి టెండర్లకు ఏడాది, ఏడాదిన్నర. తవ్వకం నుంచి తెరవడం దాకా దిజోన్‌లాగా అయితే మూడేళ్ళు, ఎడిన్‌బరోలాగా అయితే ఏడు. ఆ ఆమోదం రాలేదు కాబట్టి గడియారం ఇంకా మొదలవలేదు. మొదలైందో లేదో పట్టుకోవడానికి మూడు గుర్తులు: డిపోకు జాగా కార్పొరేషన్ పేరు మీదికి వచ్చిందా, పైపులూ కేబుళ్ళూ జరిపే ఖర్చును ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తేలిందా, పురావస్తు అనుమతికి దరఖాస్తు వెళ్ళిందా. వీటికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు, పది రూపాయలే.

‘మెట్రో స్టేషన్ పక్కనే’ అని ప్లాట్లు అమ్ముతున్నారు. కొనొచ్చా?

స్టేషన్లు ఎక్కడన్నది డీపీఆర్‌తో ఖరారు కాదు. మంజూరు తర్వాత చేసే తుది డిజైన్‌లో వందల మీటర్లు అటూఇటూ జరుగుతాయి, కొన్ని ఎగిరిపోతాయి కూడా. బ్రోచర్‌లో గీసిన రైలు బొమ్మకు ప్లాటు విలువతో సంబంధం లేదు. కొనాలనుకుంటే 2041 మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, రోడ్డు వెడల్పులో ఎంత పోతుందో ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో చూసుకుని, రైలు రాదనుకునే ధర కట్టండి.